పాత ఫ్రెంచ్ కసాయి మొద్దును వంటింట్లోకి తేవాలంటే: కొనడం నుంచి నూనె పట్టించేదాకా

మా వంటింటి మధ్యలో ఉన్న మొద్దును చూసినవాళ్లు ముందు అడిగేది ‘ఎంత పడింది?’ అని. ఆ వెంటనే ‘మేమూ ఒకటి తెచ్చుకుంటే దాన్ని ఏం చెయ్యాలి?’ అంటారు. మొదటిదానికి జవాబు సులువు: 280 యూరోలు, వ్యాన్ అద్దె వేరు. రెండోదే ఫోన్‌లో తేలేది కాదు. లియోన్‌లో ఉండే మా తెలుగువాళ్లలోనే ముగ్గురు ఈ ఏడాది మొద్దులు కొన్నారు. అందులో ఇద్దరు వారం తిరక్కుండానే నూనె పట్టించేసి, ఇప్పుడు పగుళ్లు చూపిస్తూ ఫొటోలు పంపుతున్నారు. అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

ఫ్రాన్స్‌లో దీన్ని బియో అంటారు, పూర్తి పేరు బియో ద బుషే. మన మటన్ కొట్టు చింతమొద్దుకు వరసకు అన్నలాంటిది. ఎక్కువగా శార్మ్ (ఇంగ్లీషులో హార్న్‌బీమ్) అనే తెల్లటి గట్టి చెక్కతో, కొన్ని ఎత్ర్ (బీచ్) చెక్కతో చేస్తారు. చెక్క పోగులు నిలువుగా ఉంటాయి. చీపురుకట్టను నిలబెట్టి పైనుంచి చూస్తే పుల్లల కొసలు కనిపిస్తాయి కదా, ఈ మొద్దు పైముఖమూ అంతే. కత్తి ఆ పోగుల మధ్యకు దిగి పైకి వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పే చాలా జాగ్రత్తలకు కారణం వేరే చెప్పనక్కర్లేదు.

1. ముందు ఏ పనికో తేల్చుకోండి

చపాతీలు వత్తడానికా, కూరగాయలు తరగడానికా, మాంసం కొట్టడానికా, లేక ఊరికే అందానికా? పనిని బట్టి పైముఖాన్ని ఎంత చదును చెయ్యాలో, ఏ ఎత్తు ఉండాలో మారిపోతుంది.

నా మాట అడిగితే, పిండి పనికీ తరుగుడుకూ వాడండి. పచ్చి మాంసం, చేపలు, కోడి మాత్రం దానిమీద వేరే పలక వేసుకుని చెయ్యండి. దీన్ని ఎత్తి సింకులో కడగలేం. అదే చోట సలాడ్‌కు దోసకాయ కూడా కోస్తాం. ‘మరి కసాయివాళ్లు రోజూ దానిమీదే కొట్టారు కదా’ అంటారు. నిజమే, వాళ్లు రోజూ సాయంత్రం ఉక్కు బ్రష్‌తో పైపొరను గీకేవాళ్లు. మనం గీకం.

2. కొనేముందు: పావుగంట తనిఖీ

బ్రోకాంత్‌లు అనే పాత సామాన్ల అంగళ్లలో, ఊళ్లలో ఇంటి పాత వస్తువులు అమ్ముకోవడానికి పెట్టే విద్ గ్రెనియే సంతల్లో, ఆన్‌లైన్‌లో అయితే లబోంక్వాన్ అనే అమ్మకాల సైట్‌లో దొరుకుతాయి. ఇల్-సుర్-లా-సోర్గ్ లాంటి పాత సామాన్ల ఊళ్లలో శుభ్రం చేసి, మెరుగుపెట్టి, ధర పెంచి అమ్ముతారు. మనకు మెరుగు పెట్టనిదే మంచిది. ఏ లోపం ఉన్నా పైకి కనిపిస్తుంది.

జేబులో ఇవి పెట్టుకెళ్లండి: టేపు, నిటారుగా ఉన్న ఒక కొలబద్ద, టార్చ్, అయస్కాంతం, ఒక నల్ల కాగితం, చిన్న సీసాలో నీళ్లు.

☐ పల్లం ఎంత? కొలబద్దను పైముఖం మీద అడ్డంగా పెట్టి, అన్నిటికన్నా లోతైన చోట కొలవండి. 25 సెంటీమీటర్ల మందంలో 2, 3 సెంటీమీటర్ల పల్లం ఉంటే బేఫికర్. ఒక మూల 8 సెంటీమీటర్లు అరిగిపోయి ఉంటే అది అందానికి పనికొస్తుందేమో గానీ, చదును చేస్తే మూడో వంతు మొద్దు పొట్టుగా పోతుంది.

☐ పల్లం ఎక్కడుంది? కసాయి నిలబడే వైపు, అంచుకు దగ్గరగా ఎక్కువ అరుగుతుంది. సరిగ్గా మధ్యలో గిన్నెలాగా, నాలుగువైపులా సమానంగా ఉంటే అనుమానించండి. మిషన్‌తో తవ్వి పాతదని అమ్మేవి ఉన్నాయి.

☐ పురుగు ఉందా? ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు వెతకండి. రంధ్రం లోపల నల్లబడి ఉంటే పాతది. అంచులు పదునుగా, లోపల తెల్లగా ఉంటే కొత్తది. మొద్దు కింద నల్ల కాగితం పట్టుకుని కాలిని పిడికిలితో తట్టండి. పిండి రాలితే లోపల కాపురం ఉన్నట్టే.

☐ వాసన చూడండి. ముక్కిన కొవ్వు వాసన గీకితే చాలావరకు పోతుంది. డీజిల్, ఇంజిన్ ఆయిల్, తారు వాసన వస్తే వదిలేయండి. గ్యారేజీల్లో ఇలాంటి మొద్దులను పనిబల్లలుగా వాడినవాళ్లున్నారు. ఆ నూనె పోగుల వెంట ఎంత లోతుకు దిగిందో ఎవరూ చెప్పలేరు.

☐ నీటిబొట్టు వెయ్యండి. ముత్యంలా నిలబడితే వార్నిషో మైనమో పూశారని అర్థం. కొనొచ్చు, కానీ అదంతా గీకాలి.

☐ అయస్కాంతం తిప్పండి. పైముఖంలో విరిగిన కత్తి మొనలు, మేకులు ఉంటాయి. మా దాంట్లో మూడు దొరికాయి.

☐ అమ్మేవాడిని ఒక ప్రశ్న అడగండి: పురుగు మందు కొట్టారా? కొట్టామంటే, దానిమీద తినే వస్తువు పెట్టే ఆలోచన మానుకోండి.

3. బరువు లెక్క, నేల లెక్క

శార్మ్ చెక్క ఎండాక ఘనమీటరుకు సుమారు 750 కిలోలు తూగుతుంది. 70 × 50 × 25 సెంటీమీటర్ల మొద్దు అయితే పైభాగమే 65 కిలోలు దాటుతుంది, కాళ్లతో కలిపి 80, 85. మీటరు పొడవుది అయితే 110 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ, రెండు బెల్టులు లేకుండా బయల్దేరకండి. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తువాళ్లు కొనేముందు ఒకసారి మెట్లు ఎక్కి దిగండి.

ఫ్రాన్స్‌లో ఇళ్ల నేలను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల భారానికి లెక్కేస్తారు. కాంక్రీటు స్లాబ్ అయితే దిగులు లేదు. పాత ఇంట్లో చెక్క దూలాల నేల అయితే మొద్దును గోడ దగ్గర, దూలాలకు అడ్డంగా వచ్చేలా పెట్టండి. కాళ్ల కింద చిన్న పలకలు వేస్తే భారం పంచుకుంటుంది.

తెచ్చేటప్పుడు పైభాగం పట్టుకుని లాగకండి. పాత కాళ్లు ఒక పక్కకు లాగితే ఊడివస్తాయి. కాళ్లు విడిగా వచ్చేవైతే విప్పేసి, ఏ కాలు ఏ మూలదో సుద్దముక్కతో గుర్తుపెట్టండి.

4. ఎండనివ్వడం: అందరూ దాటేసే మెట్టు

ఇక్కడే నేనూ దెబ్బతిన్నాను.

జనవరిలో తెచ్చాం. ఏదో కొట్టంలో ఏళ్ల తరబడి పడున్న మొద్దు. ముట్టుకుంటే చల్లగా, కొంచెం తేమగా ఉంది. ‘త్వరగా ఆరుతుంది’ అని నేరుగా వంటింట్లో రేడియేటర్ పక్కన పెట్టాను. మూడో రోజు రాత్రి ‘టప్’ మని చప్పుడు. ఏ గిన్నో పడిందనుకుని లేచి లైటు వేశాను. గిన్నెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొద్దు పైముఖం మీద, పొద్దున లేని గీత ఒకటి ఈ అంచు నుంచి చెయ్యి పొడవున పాకి ఉంది. గోరు పెడితే దిగింది. వారానికల్లా రూపాయి బిళ్ల పట్టేంత అయింది.

కారణం ఇది. చెక్క పోగుల కొసల నుంచి తేమ పక్కల నుంచి కన్నా పదింతలు, ఇంకా వేగంగా బయటకు పోతుంది. మన మొద్దుకు పైముఖం, కిందిముఖం రెండూ కొసలే. పైపొర ఎండి కుంచించుకుంటుంది. లోపల ఇంకా తేమగా, ఉబ్బి ఉంటుంది. ఆ లాగుడుకు ఎక్కడో ఒకచోట చీలుతుంది.

కొట్టంలో ఉన్న చెక్కలో తేమ 15 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. హీటింగ్ నడిచే ఇంట్లో అది 8, 10 శాతానికి దిగాలి. ఆ దిగుడు మెల్లగా జరగాలి. ఈ మెట్టులో మన పని అంతే.

ఇలా చెయ్యండి:

☐ మొదట గ్యారేజీలోనో, హీటింగ్ లేని గదిలోనో పెట్టండి. ఎండ, రేడియేటర్, ఫ్యాన్ ఏవీ తగలకూడదు.

☐ కింద కూడా గాలి ఆడాలి. కాళ్లు లేనిదైతే మూడు నాలుగు బద్దల మీద ఎత్తి పెట్టండి. పైన మాత్రమే ఆరితే వంపు తిరుగుతుంది.

☐ పాత నూలు దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ వద్దు, బూజు పడుతుంది.

☐ ఉన్న పగులుకు అడ్డంగా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ, వెడల్పు రాయండి. వారానికోసారి కొలవండి.

☐ చెక్క తేమ కొలిచే మీటరు 20, 30 యూరోలకు వస్తుంది. అది చెప్పేది పైపొర సంగతే. అంకె ఎంత అన్నదానికన్నా వారం వారం ఎంత మారుతోంది అన్నది చూడండి.

☐ ఆరు వారాలయ్యాక చల్లటి గదిలోకి, ఇంకో ఆరు వారాలకు వంటింట్లోకి. వంటింట్లోనూ రేడియేటర్‌కు దూరంగానే.

వరసగా మూడు వారాలు పగులు వెడల్పు, మీటరు అంకె రెండూ కదలకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లొచ్చు. కొనడానికి సరైన కాలం ఏదంటే, ఏప్రిల్ అంటాను. వేసవంతా హీటింగ్ లేకుండా ఇంట్లోనే సర్దుకుంటుంది.

5. పురుగు ఉంటే

ఈ పని ఇంట్లోకి తేకముందే, గ్యారేజీలో ఉండగానే జరగాలి. ఫ్రెంచివాళ్లు వ్రియెత్ అనే ఈ పురుగు లోపల రెండు నుంచి ఐదేళ్లు తింటూ ఉండి, మే నుంచి ఆగస్టు మధ్య రంధ్రం చేసుకుని బయటకు ఎగిరిపోతుంది. దుకాణంలో అమ్మే పురుగు మందులు దూలాలకు, బీరువాలకు. మనం తినేవి పెట్టే చెక్కకు కావు.

మందు లేకుండా మూడు దారులున్నాయి: వేడి, చలి, గాలి తీసేయడం. మూడింటినీ ఫర్నిచర్‌కు చేసిపెట్టే వర్క్‌షాపులు ఫ్రాన్స్‌లో ఉన్నాయి. కొలత కోసం చెప్తున్నాను, ఎగుమతి పెట్టెల చెక్కకు ప్రపంచమంతా పాటించే నియమం ప్రకారం చెక్క నడిబొడ్డు 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలి. 25 సెంటీమీటర్ల మందం మధ్యకు ఆ వేడి చేరాలంటే గంటలు పడుతుంది. కాబట్టి పైన హెయిర్ డ్రయ్యర్ ఊపితే పురుగుకు చలికాచుకోవడానికి పనికొస్తుంది, అంతే. కాళ్లు చిన్నవైతే మాత్రం గట్టిగా ప్లాస్టిక్‌లో చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18లో రెండు వారాలు ఉంచొచ్చు.

ఇంకో మాట. చెక్కలో తేమ 12 శాతం కన్నా తగ్గితే ఈ పురుగుకు బతుకు కష్టం. సరిగ్గా ఎండిన మొద్దులో దాని బెడద తనంతట తానే తగ్గుతుంది. రంధ్రాల మీద టేపు అంటించి ఒక వేసవి గడవనివ్వండి. టేపుకు కొత్త రంధ్రం పడకపోతే నిశ్చింత.

6. కొవ్వు, మురికి గీకడం

నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దాలని చెయ్యి దురదపెడుతుంది. ఆగండి. ముందు పొడిగా గీకాలి.

పదునైన ఉక్కు స్క్రేపర్‌ను కొంచెం వాల్చి, రెండు చేతులతో మీ వైపు లాగండి. మొదట నల్లటి పొడి వస్తుంది. తర్వాత ముదురు గోధుమరంగులో, పాత సబ్బులా జిగటగా చుట్టలు లేస్తాయి. అది ఏళ్లనాటి కొవ్వు. ప్రతి నాలుగు లాగులకు స్క్రేపర్‌ను గుడ్డతో తుడవండి, లేదంటే తీసిందాన్నే మళ్లీ పూసినవాళ్లవుతారు. చుట్టలు పోయి తెల్లటి పొడి రావడం మొదలైతే ఆ చోట ఆపేయండి.

ఆ తర్వాతే తడి. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా కలపండి. వంట సోడా కాదు. ఇక్కడ సూపర్ మార్కెట్లో క్రిస్టో ద సూద్ అని అడగండి. గ్లవ్స్ వేసుకుని, గుడ్డ ముంచి గట్టిగా పిండి రుద్దండి. వెంటనే మంచినీళ్ల గుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవండి. ఎక్కువ తడిస్తే పాత జిగురు వదులవుతుంది, ఎండబెట్టిన మూడు నెలలూ వృథా. ఓక్ మొద్దు అయితే సోడా వాడకండి, నల్లబడుతుంది.

క్రిమిసంహారానికి వాసన లేని మామూలు బ్లీచ్, లీటరు నీటికి ఒక చిన్న చెంచా, 4 మిల్లీలీటర్లు చాలు. తుడిచి, కొన్ని నిమిషాలు ఆగి, మంచినీటి గుడ్డతో మళ్లీ తుడవండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలపొద్దు. విషవాయువు వస్తుంది.

రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

7. పగుళ్లు, ఇనుప కడ్డీలు

మొద్దు ఒకే చెట్టు ముక్కా, చిన్న ముక్కలు చేర్చి చేసిందా అన్నది చూడండి. ఒకే ముక్క అయితే పగులు ఉండితీరుతుంది. అది లోపం కాదు, దాని జాతకం. చేర్చినదైతే పక్కల ఇనుప కడ్డీల కొసలు, నట్లు కనిపిస్తాయి. చెక్క ఎండి కుంచించుకోవడంతో అవి వదులై ఉంటాయి.

నట్టును వారానికి పావు చుట్టు మాత్రమే, ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు బిగించండి. తుప్పు పట్టి కదలకపోతే ఒక చుక్క నూనె వేసి ఒక రోజు ఆగండి, సుత్తితో కొట్టకండి. చలికాలంలో పూర్తి బిగువుగా పెట్టకండి. వేసవిలో గాలి తేమకు చెక్క ఉబ్బి, వాషర్ దగ్గర నలిగిపోతుంది.

పగుళ్లకు నేను చేసేది:

- 2 మిల్లీమీటర్ల లోపు: అలాగే వదిలేస్తాను. చివర్లో నూనె, మైనం పట్టాక అవే నిండుతాయి.
- 2 నుంచి 6 మిల్లీమీటర్లు: కరిగించిన తేనెమైనం పోసి, గడ్డకట్టాక గీకేస్తాను. చెక్క కదిలితే మైనమూ కదులుతుంది. ఊడితే మళ్లీ పోయొచ్చు.
- అంతకు మించి: అదే జాతి చెక్క సన్న బద్దను చీలలా చెక్కి, ఒకవైపు మాత్రమే జిగురు పూసి దింపుతాను. రెండువైపులా అంటిస్తే వచ్చే చలికాలం పక్కన కొత్త పగులు వస్తుంది.

గోడల పుట్టీ, ప్లాస్టిక్ వుడ్ ఫిల్లర్ ముట్టుకోకండి. ఆరునెలల్లో పెచ్చులు లేచి పిండిలోకి వస్తాయి.

8. పైముఖం చదును: ఎంత తక్కువ తీస్తే అంత మంచిది

ముందు ఒకసారి మొద్దును తలకిందులు చేసి చూడండి. చాలామందికి ఈ ఆలోచనే రాదు. పైభాగం ఫ్రేములో కూర్చునే రకం అయితే కిందిముఖం గరుకుగా ఉన్నా చదునుగానే ఉంటుంది. దాన్నే పైకి తిప్పుకుంటే తీయాల్సింది మూడు మిల్లీమీటర్లే. అరిగిన అందమంతా కిందికి పోతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

అలా కుదరకపోతే లెక్క వేసుకోండి. 70 × 50 పైముఖం మీద ఒక సెంటీమీటరు తీస్తే మూడున్నర లీటర్ల చెక్క, అంటే రెండున్నర కిలోలకు పైగా పొట్టు. మూడు సెంటీమీటర్ల పల్లం పూర్తిగా పోవాలంటే ఎనిమిది కిలోల దాకా. అందుకే పూర్తిగా చదును చెయ్యొద్దంటాను. చపాతీ పీటంత చోటు సమంగా ఉంటే చాలు, ఒక మూల కొంచెం వాలు ఉన్నా నష్టం లేదు.

కావలసినవి: రౌటర్ మిషన్ (తిరిగే బిట్‌తో చెక్కను తొలిచేది), 30 నుంచి 40 మిల్లీమీటర్ల చదును బిట్, రెండు నిటారు చెక్క పట్టాలు, ఆ పట్టాల మీద జరుగుతూ రౌటర్‌ను మోసే ఒక తొట్టి, రసమట్టం, వాక్యూమ్, ముక్కుకు మాస్క్. మాస్క్ విషయంలో మొహమాటం వద్దు. గట్టి చెక్కల పొట్టు దీర్ఘకాలం పీలిస్తే ముక్కు క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని ఎప్పుడో తేలింది. ఎఫ్ఎఫ్‌పీ2 అని రాసి ఉన్న రకం మాస్క్‌కు తక్కువది పెట్టుకోకండి.

వరస:

ఒకటి, అయస్కాంతం మళ్లీ తిప్పండి. కత్తి మొన ఒక్కటి తగిలినా బిట్ పోతుంది, కన్నూ పోవచ్చు.

రెండు, మొద్దుకు రెండువైపులా పట్టాలు బిగించండి. అవి మొద్దు కన్నా చెరో వైపు 20 సెంటీమీటర్లు పొడవు ఉండాలి. రసమట్టంతో నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు చూడండి. ఇక్కడ పోయే అరగంటే చివర్లో మూడు గంటలు మిగులుస్తుంది.

మూడు, పైముఖం అంచులన్నిటినీ ఉలితో గానీ ఆకురాయితో గానీ 3 మిల్లీమీటర్లు ఏటవాలుగా తీసేయండి. నిలువు పోగులు అంచు దగ్గర పెచ్చుగా లేచిపోతాయి, ఇది దాన్ని ఆపుతుంది.

నాలుగు, ఒక్కసారికి 2 మిల్లీమీటర్లే. రౌటర్‌ను అంచు నుంచి లోపలికి నడపండి, లోపల నుంచి అంచు దాటించకండి. కాలిన వాసన వస్తే బిట్ మొద్దుబారిందనో, మీరు చాలా మెల్లగా నడుపుతున్నారనో లెక్క.

ఐదు, ఒక్కో వరస అయ్యాక కొలబద్ద వేసి చూడండి. కావలసినంత చోటు సమం కాగానే ఆపేయండి.

రౌటర్ లేకపోతే పదునైన చిత్రికతో పట్టొచ్చు. చెక్క పైన ముందుగా కొంచెం స్పిరిట్ రాసుకుంటే కొసలు మెత్తబడి తేలిగ్గా తెగుతాయి. కానీ 70 × 50 మొద్దుకు రెండు రోజులు, ఒక నడుం నొప్పి రాసిపెట్టుకోండి.

9. శాండ్‌పేపర్

60, 80, 120, 150. ఏ నంబరూ దాటేయొద్దు. పైనంతా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీయండి. గీతలన్నీ పోతే ఆ నంబరు పని అయినట్టు. 150 దగ్గర ఆగండి. ఇంకా నున్నగా చేస్తే నూనె తక్కువ పీలుస్తుంది.

తర్వాత పిండిన తడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఆరాక పోగులు గడ్డంలా లేస్తాయి. 150తోనే చేత్తో తేలిగ్గా ఒకసారి రుద్దితే పోతాయి. ఇది ఇప్పుడు చెయ్యకపోతే, మొదటిసారి తడి తగిలినప్పుడు ఆ గరుకు మీ చపాతీపిండికి అంటుతుంది.

10. కాళ్లు, ఎత్తు

కాళ్లకు పాత రంగు ఉంటే పొడిగా రుద్దకండి. సీసం కలిసిన రంగు అయ్యుండొచ్చు. ఫ్రాన్స్‌లో 1949కి ముందు కట్టిన ఇళ్లు అమ్మేటప్పుడు సీసం పరీక్ష తప్పనిసరి చేసింది ఇందుకే. మందుల షాపుల్లో కాదు, పెయింట్ షాపుల్లో టెస్ట్ కిట్ దొరుకుతుంది. సీసం తేలితే రంగు తీయించే పని వర్క్‌షాప్‌కు ఇవ్వండి, లేదా పైన కొత్త రంగు వేసి కప్పేయండి.

ఎత్తుకు సులువైన కొలత ఇది. నిలబడి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతికి ఉన్న ఎత్తులో తరుగుడుకు 10 నుంచి 15 సెంటీమీటర్లు, పిండి కలపడానికి, కొట్టడానికి 20 దాకా తగ్గించండి. ఇంట్లో ఎక్కువగా వంట చేసేవాళ్ల మోచేతిని కొలవండి, బిల్లు కట్టినవాళ్లది కాదు. కాళ్ల అడుగులు తేమకు పుచ్చిపోయి ఉంటే గట్టి చెక్క వచ్చేదాకా కోసి, అంత ఎత్తు కొత్త ముక్క అతికించండి. కింద కార్క్ బిళ్ల పెడితే తడి ఎక్కదు.

11. నూనె, మైనం

మొదటిసారి నేను నువ్వుల నూనె పూశాను. ఇంట్లో ఉంది, సువాసన బావుంటుంది అనుకున్నాను. నెలన్నరకు పాత పచ్చడి జాడీ వాసన. మళ్లీ గీకుడు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, ఆలివ్ ఆయిల్, కొబ్బరినూనె ఏవీ వద్దు.

కావలసింది మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్. ఇక్కడ విల్ ద పారఫిన్ అంటారు. రంగు, వాసన ఉండవు, ముక్కదు. హార్డ్‌వేర్ షాపు అవిసె నూనె వాడకండి. అందులో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే తమంతట తామే అంటుకుంటాయి కూడా.

☐ మొదటి రోజు: గుడ్డతో ధారాళంగా పూయండి. రెండు గంటల్లో పీల్చేసిన చోట మళ్లీ పూయండి.

☐ కిందిముఖానికీ అంతే. దీన్ని వదిలేస్తే పైన నూనె, కింద పొడి అయి వంపు తిరుగుతుంది.

☐ వారంపాటు రోజుకోసారి. మా మొద్దు రెండు ముఖాలకూ కలిపి 800 మిల్లీలీటర్లు తాగింది.

☐ ఇక పీల్చడం మానేశాక ఒక రోజు ఆగి, మిగిలింది తుడిచేయండి.

☐ తూకంలో ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతులు పారఫిన్ నూనె. గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద వద్దు. చల్లారాక వెన్నలా అవుతుంది. పూసి, రాత్రంతా ఉంచి, పొద్దున నూలుగుడ్డతో మెరుగు పెట్టండి.

12. వాడకంలో వచ్చే చిక్కులు, మందులు

పసుపు మరక. మన ఇళ్లలో ఇది తప్పదు. తెల్లటి శార్మ్ మీద ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. చాకలి సోడా నీళ్లు పెడితే మరక ఎర్రబడుతుంది, కంగారుపడకండి, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే అది. సోడా మానేసి, తుడిచి, కిటికీ ఎండ పడేలా చూడండి. నాలుగైదు రోజుల్లో ఎండే వెలిసిపోయేలా చేస్తుంది. ఎండ రాని చోటైతే 150 కాగితంతో రుద్ది మళ్లీ నూనె.

ఉల్లి వాసన. గుప్పెడు రాళ్ల ఉప్పు చల్లి, కోసిన నిమ్మచెక్కతో రుద్ది, పావుగంట తర్వాత తుడవండి.

నల్ల మచ్చ. తడి ఇనుప గిన్నె, తడిగుడ్డ వదిలేసిన గుర్తు. పైపైన గీకితే పోతుంది. పోకపోతే వదిలేయండి, దాని కోసం మొత్తం ముఖం మళ్లీ తీయకండి.

తెల్లబారి పొడిగా కనిపిస్తోంది. హీటింగ్ నడిచే నెలల్లో నెలకోసారి, వేసవిలో రెండు మూడు నెలలకోసారి నూనె. నీటిబొట్టు నిలబడకుండా ఇంకిపోతే నూనె వేళ అయిందని గుర్తు.

జిడ్డుగా, చేతికి అంటుతోంది. మైనం ఎక్కువైంది. స్క్రేపర్‌తో ఒకసారి లాగి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి.

ఊగుతోంది. కాళ్ల కింద కాగితం మడిచి పెట్టకండి. ఏ కాలు పొట్టిదో చూసి, దానికింద కార్క్ బిళ్ల మందం పెంచండి.

కొబ్బరికాయ కొట్టొచ్చా? కొట్టొచ్చు, కానీ నీళ్లు పగుళ్లలోకి పోతాయి. సింకు దగ్గర కొట్టి తెచ్చి ఇక్కడ కోసుకోండి.

హైదరాబాద్‌కో విశాఖకో పంపొచ్చా? మా అన్నయ్య అడిగాడు. ఓడ ఖర్చు పక్కన పెట్టినా, పొడి ఇంట్లో ఎండిన చెక్క సముద్రపు గాలికి ఉబ్బి కడ్డీల దగ్గర నలిగిపోతుంది. పంపాల్సే వస్తే నట్లు ముందే బాగా వదులు చేసి, అక్కడ ఒక వర్షాకాలం గడిచాకే బిగించమన్నాను. ఆ తర్వాత అన్నయ్య మటన్ కొట్టు చింతమొద్దే ఒకటి బేరమాడుకున్నాడు. దానికీ 4వ మెట్టు నుంచి వరస ఇదే.